చావుకు లెక్క ఉంది, దెబ్బకు లేదు

(వైరాలో జరిగిన మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)

 

ఈ సభలో ఏటా మాకు చదువుల మీద మాట్లాడమని చెబుతారు. పదో తరగతి ఫలితాలు, స్కాలర్‌షిప్పులు, ఇంటర్ తర్వాత ఆడపిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు, ఇలాంటివి. ఈ ఏడు కార్యవర్గం వేరే విషయం అప్పజెప్పింది. పోలీసుల బలప్రయోగాన్ని అదుపు చేయడానికి రాష్ట్రమంతటా తెచ్చామంటున్న సంస్కరణలు ఏ మేరకు పనిచేశాయో చెప్పమన్నారు. పంతుళ్లకు ఇదేం పని అని మొదట అనిపించింది. తర్వాత తోచింది, మూల్యాంకనం మా వృత్తిలోని మాటే కదా. ఎన్నో ఏళ్లుగా మేము చేస్తున్నది అదే. పదో తరగతి జవాబు పత్రాలను ఆ బడి టీచర్లు దిద్దరు. పేరు తీసేసి, కోడ్ నంబరు వేసి, వేరే జిల్లాకు పంపుతారు. ఎవరి పేపరు వాళ్లు దిద్దుకుంటే ఫెయిలయ్యేవాడు ఉండడు. ఈ ఒక్క సూత్రం చేతపట్టుకుని పోలీసు సంస్కరణలను చూద్దాం.

ముందుగా ఒక మాట. ఇది పోలీసులను తిట్టే సభ కాదు. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలు మునిగినప్పుడు ఖాకీ బట్టల వాళ్లు నీళ్లలో నిలబడే పనిచేశారు. సెలవు లేని ఉద్యోగం, పండగ లేని ఉద్యోగం. అడవి వైపు అయితే ప్రాణభయం కూడా. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఫారెస్టు రేంజి అధికారి చలమల శ్రీనివాసరావు గారిని నరికి చంపారు. ఆయన మన జిల్లావాసే. యూనిఫాం వేసుకున్నవాడి ఇంట్లో కూడా తల్లి ఉంటుంది, భార్య ఉంటుంది, పిల్లలు ఉంటారు. మనం అడుగుతున్నది బలం వాడొద్దని కాదు. వాడితే లెక్క చెప్పమని.

ఈ లెక్క మనకు ఎందుకు అంటారా? మన సంఘం పద్దుల పుస్తకం తీయండి. వైద్య సహాయం కింద ఇచ్చిన డబ్బులో కొంత జ్వరాలకు, ఆపరేషన్లకు పోలేదు. స్టేషనుకు వెళ్లి వచ్చిన కుర్రవాళ్ల ఎక్స్‌రేలకు పోయింది. పుస్తకంలో మాత్రం ‘కింద పడి గాయం’ అని రాసి ఉంటుంది. ఎందుకలా రాశామో కాసేపట్లో చెబుతాం.

మనకు దూరపు ఉదాహరణలు అక్కర్లేదు. 2007 జులై 28. భూమి కోసం బంద్ జరుగుతున్న రోజు. ముదిగొండలో పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. రైతులు, కూలీలు. ఒక స్త్రీ కూడా ఉంది. ముదిగొండ ఇక్కడికి ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే పని చూసుకుని మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అదే ఏడాది మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లు చనిపోయారు. ఆ దుఃఖంలో, కోపంలో వీధిలోకి వచ్చిన జనం మీద జరిగిన కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1978లో, నల్లకుంట పోలీసు స్టేషనులో రమీజా బీ మీద అత్యాచారం, ఆమె భర్త చావు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల తప్పును తేల్చింది. కేసు విచారణ కర్ణాటకలోని రాయచూరుకు మారింది. అక్కడ నిందితులు విడుదలయ్యారు. కమిషన్ చెప్పింది ఒకటి, కోర్టులో నిలబడింది ఇంకొకటి. మన పెద్దవాళ్లు ఈ పేరు ఇప్పటికీ మెల్లగా పలుకుతారు.

ఇవన్నీ తెలంగాణ రాకముందు మాటలు, తర్వాత ఫ్రెండ్లీ పోలీసింగ్ వచ్చిందిగా అని కుర్రవాళ్లు అనవచ్చు. వచ్చింది. కాదనం. 2014 అక్టోబరులో షీ టీమ్‌లు మొదలయ్యాయి. బస్టాండుల్లో ఆడపిల్లలకు కొంత ధైర్యం వచ్చింది. స్టేషన్లకు రంగులు పడ్డాయి, కొత్త బండ్లు వచ్చాయి, లోపలికి వెళ్తే కూర్చోమనేవాళ్లు కొన్నిచోట్ల ఉన్నారు. ‘నేను సైతం’ పేరుతో వ్యాపారులూ కాలనీల వాళ్లూ డబ్బులు వేసుకుని వీధి మూలల్లో కెమెరాలు పెట్టించారు. వీటికి మార్కులు వేయాల్సిందే. కానీ ఇవన్నీ స్టేషను గుమ్మం బయటి సంస్కరణలు. మనం అడుగుతున్నది గుమ్మం లోపలి సంగతి.

2017 ఏప్రిల్ 28న ఖమ్మం మిర్చి యార్డులో ధర పడిపోయి రైతులు రగిలిపోయారు. ఆఫీసు ధ్వంసమైంది. పదిమంది రైతులను అరెస్టు చేశారు. మే నెలలో వాళ్లను కోర్టుకు తెచ్చినప్పుడు చేతులకు బేడీలు ఉన్నాయి. నెత్తిన రుమాలు, చేతికి బేడీ, ఆ ఫోటో దేశమంతా చూసింది. బేడీలు అలా వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో చెప్పింది. కోర్టు అనుమతి లేకుండా వేయవద్దని 1995లో ఇంకా గట్టిగా చెప్పింది. ఫోటో వచ్చాక ఇద్దరు రిజర్వు ఎస్సైలను సస్పెండ్ చేశారు. అక్కడితో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 2023 జూన్‌లో ప్రాంతీయ రింగు రోడ్డు భూముల గొడవలో భువనగిరి రైతులను మళ్లీ బేడీలతోనే కోర్టుకు తెచ్చారు. 2024 డిసెంబరులో లగచర్ల కేసులో జైల్లో ఉన్న గిరిజన రైతును, ఛాతీ నొప్పి అంటే, బేడీలు వేసి సంగారెడ్డి ఆసుపత్రికి తెచ్చారు. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. ప్రభుత్వం మారింది. బేడీ మారలేదు. గమనించండి, ప్రతిసారీ కదలిక వచ్చింది ఫోటో బయటికి వచ్చాకే. ఫోటో తీయనివాళ్ల సంగతి ఏమిటో ఎవరికీ తెలియదు.

2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఇప్పుడు బేడీలు వేయవచ్చని కొందరు చెబుతున్నారు. భారతీయ నాగరిక సురక్షా సంహితలో 43వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ చదవండి. పదేపదే నేరాలు చేసేవాడు, కస్టడీ నుంచి పారిపోయినవాడు, హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, ఉగ్రవాదం, మత్తుమందులు, మనుషుల అక్రమ రవాణా వంటి నేరాల నిందితుడు, ఇలా ఒక జాబితా ఉంది. మిర్చి ధర అడిగిన రైతు ఆ జాబితాలో లేడు. ఫోను పోయిందని అనుమానంతో పిలిచిన కుర్రవాడూ లేడు.

ఇప్పుడు మరియమ్మ సంగతి. 2021 జూన్ 18. వంటపని చేసుకుని బతికే దళిత స్త్రీ. దొంగతనం ఆరోపణ. కుటుంబం మన పక్క మండలం చింతకాని దగ్గరి కోమట్లగూడెం. యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషనులో చనిపోయింది. కొడుకునూ కొట్టారు. హైకోర్టు జోక్యం చేసుకుని, పూడ్చిన శవాన్ని తీయించి మళ్లీ శవపరీక్ష చేయమంది. ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉద్యోగం పోగొట్టుకున్నారు. సస్పెన్షన్ కాదు, డిస్మిస్. ఇది చిన్న విషయం కాదు, ఇంత త్వరగా డిస్మిస్ చేయడం మన దగ్గర అరుదు. అది ఒక మెట్టు పైకి ఎక్కడమే అని మేము ఒప్పుకుంటాం.

కానీ ఆ మెట్టు ఎక్కాక ఏడాదిన్నర తిరిగేసరికి మెదక్‌లో ఖదీర్ ఖాన్. కూలి చేసుకునే మనిషి. గొలుసు దొంగతనం జరిగితే, వీధి కెమెరాలో కనిపించినవాడి పోలికలు ఉన్నాయని 2023 జనవరి 29న హైదరాబాదులో పట్టుకుపోయారు. కొన్ని రోజులు ఉంచుకుని, ఇతను కాదని వదిలేశారు. వదిలేశాక నడవలేకపోయాడు. కిడ్నీలు పాడయ్యాయి. తనను ఎలా కొట్టారో ఆసుపత్రి మంచం మీద నుంచి వీడియోలో చెప్పాడు. ఫిబ్రవరి మధ్యలో గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. అన్యాయాన్ని పట్టివ్వాల్సిన వీధి కెమెరా ఇక్కడ అమాయకుడిని పట్టించింది. ఆ కెమెరాలకు చందా వేసింది మనమే.

అడ్డగూడూరులో వచ్చిన శిక్ష మెదక్ దాకా ఎందుకు పాకలేదు? మాకు తోచిన కారణం ఇది. మన దగ్గర చావుకు లెక్క ఉంది. స్టేషనులో మనిషి చనిపోతే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలపాలన్న ఆదేశం 1993 నుంచి ఉంది. జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ 2006 నుంచి చట్టంలో ఉంది. జాతీయ నేర గణాంకాల పుస్తకంలో కస్టడీ చావులకు పట్టిక ఉంది, పోలీసు కాల్పులకు పట్టిక ఉంది. కానీ స్టేషను లోపల తిన్న దెబ్బకు పట్టిక ఎక్కడ? అరికాలి వాపుకు వరుస ఎక్కడ? ఏటా డిసెంబరు చివర రాష్ట్ర పోలీసు అధిపతి విలేకరులను పిలిచి దొంగతనాలు ఎన్ని, సైబరు మోసాలు ఎన్ని, శిక్షలు ఎంత శాతం, అన్నీ చదువుతారు. విచారణలో బలం ఎన్నిసార్లు వాడారు అనే వరుస ఆ పత్రాల్లో మాకు కనిపించలేదు. పది దెబ్బలకు లెక్క లేనప్పుడు పదకొండోది ప్రాణం తీస్తే అది ‘దురదృష్టకర సంఘటన’ అవుతుంది. లెక్క ఉంటే ఫలానా స్టేషనులో ఏడాదిగా దెబ్బలు పెరుగుతున్నాయని పై అధికారికి ముందే తెలుస్తుంది. బడిలో యూనిట్ టెస్టులు పెట్టేది అందుకే. పబ్లిక్ పరీక్షలో తప్పాక తెలుసుకుని లాభమేముంది?

ఇలాంటి లెక్క పెట్టడం కుదరదంటారేమో. మన తెలుగువాళ్లు బాగా స్థిరపడిన చోటే కుదిరింది. ఎడిసన్ పేరు మీ అందరికీ తెలుసు, మన ఖమ్మం పిల్లలూ అక్కడ ఉన్నారు. ఆ ఊరున్న న్యూజెర్సీ రాష్ట్రంలో 2020 డిసెంబరులో అప్పటి అటార్నీ జనరల్ గుర్‌బీర్ గ్రేవాల్ బలప్రయోగం మీద రాష్ట్రమంతటికీ ఒకే నిబంధన తెచ్చారు. పోలీసు ఎవరి మీదైనా బలం వాడితే, చేత్తో కొట్టినా సరే, 24 గంటల్లో రాష్ట్ర పోర్టల్‌లో నమోదు చేయాలి. ఆ లెక్కలు జనం చూసేలా పెట్టారు. ఏ ఊరి పోలీసులు ఎంత, ఎవరి మీద, ఎందుకు అన్నది ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. అక్కడ కొట్టడం ఆగిపోయిందని మేము చెప్పడం లేదు. తగ్గిందా పెరిగిందా అని వాదించుకోవడానికి వాళ్ల చేతిలో అంకె ఉంది. మన చేతిలో ఫోటోలున్నాయి, శోకాలున్నాయి.

మన దేశంలో తీర్పులకు కొదవ లేదు. 1996 డిసెంబరు 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పదకొండు ఆదేశాలు ఇచ్చింది. అరెస్టు చేసే పోలీసు పేరు కనబడాలి, అరెస్టు పత్రం మీద కుటుంబ సభ్యుడో పరువుగలవాడో సాక్షి సంతకం చేయాలి, బంధువుకు తెలియజేయాలి, ఒంటి మీద గాయాలు రాసుకోవాలి, 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో, జిల్లాలో వేరే సంస్థ ఉండాలంది. అంటే పేపరు వేరే జిల్లాకు పంపి దిద్దించడం అన్నమాట. ఆ సంస్థ మన రాష్ట్రంలో ఏళ్ల తరబడి కాగితం దాటి రాలేదు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషనులో కెమెరాలు ఉండాలి, లాకప్పులు, వరండాలు, గేటు అన్నీ కనబడాలి, మాట కూడా రికార్డవ్వాలి, రికార్డు పద్దెనిమిది నెలలు నిలవాలి అంది. ఆ తీర్పులో ఇంకో వాక్యం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. స్టేషనులో తీవ్రంగా గాయపడినవాడు రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కో, మానవ హక్కుల కోర్టుకో ఫిర్యాదు చేస్తే, వాళ్లు ఆ రికార్డును వెంటనే తెప్పించి భద్రపరచవచ్చు.

చాలా మంచి మాట. అయితే మన రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కుర్చీ 2022 డిసెంబరులో ఖాళీ అయింది. 2025 ఏప్రిల్‌లో జస్టిస్ షమీమ్ అక్తర్ గారు వచ్చేవరకు ఖాళీగానే ఉంది. ఖదీర్ ఖాన్‌ను పట్టుకుపోయింది ఆ ఖాళీ మొదలైన రెండో నెలలో. రికార్డు తెప్పించమని అడగడానికి కుర్చీలో మనిషి లేడు. సంస్కరణకు మార్కులు వేయాలంటే మేము ఇక్కడ వేస్తాం. ఎన్ని కెమెరాలు బిగించారు అన్నదానికి కాదు, ఎన్ని రోజులు కుర్చీ నిండుగా ఉంది అన్నదానికి.

అన్నట్టు, మన జిల్లాల పోలీసు చట్టం పేరు తెలుసా? 1329 ఫస్లీ నాటి జిల్లా పోలీసు చట్టం. నిజాం కాలపు ఫస్లీ సంవత్సరం ఇంకా దాని పేరులో ఉంది. కొత్త పోలీసు చట్టం రాయడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు. హింసను నిషేధించే ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997 అక్టోబరులో సంతకం పెట్టింది. దాన్ని ఆమోదించడం ఇప్పటికీ జరగలేదు. 2010లో ఒక బిల్లు లోక్‌సభ దాటి, అక్కడితో ఆగి, మురిగిపోయింది.

మా బడుల సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడం నిషేధించింది. అప్పట్లో స్టాఫ్ రూముల్లో ఎంత గోల! బెత్తం లేకపోతే క్లాసు ఎలా ఆగుతుంది, పాఠం ఎలా సాగుతుంది అని. సాగుతోంది కదా. బెత్తం బీరువా ఎక్కింది. టీచర్లంతా ఒక్క రాత్రిలో మారిపోయారనా? కాదు. బడిపిల్లవాడు సాయంత్రం ఇంటికి వెళ్తాడు. స్నానం చేయించేటప్పుడు తల్లి వీపు చూస్తుంది. మరునాడు హెడ్మాస్టరు గది ముందు నిలబడుతుంది. ఆ తల్లి చూపు వెనక నిలబడింది కాబట్టే ఆ సెక్షన్ పనిచేసింది. స్టేషనుకు వెళ్లినవాడి వీపును ఎవరు చూస్తున్నారు?

ఇక్కడే ఆ ‘కింద పడి గాయం’ సంగతి. ఊరు పేరు, స్టేషను పేరు చెప్పం. ఆ కుటుంబం ఇంకా అక్కడే బతకాలి. మా దగ్గర చదువుకున్న కుర్రవాడే, సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పని. దొంగ ఫోను ఒకటి ఆ షాపుకు వచ్చిందని సాయంత్రం పిలిచారు. ఆ రాత్రి రాలేదు, మరునాడు రాలేదు. అరెస్టు అని రాయలేదు, నోటీసు ఇవ్వలేదు. మూడో రోజు పొద్దున తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని పంపారు. వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. ‘సార్, వాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఏమైందిరా అంటే మాట్లాడడు. ఎవరికీ చెప్పొద్దన్నారట సార్’ అంది. ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు ఎలా తగిలిందని అడిగాడు. కుర్రవాడు మా ముఖం చూడలేదు, తల్లి ముఖం చూడలేదు. ‘మెట్ల మీద జారిపడ్డా’ అన్నాడు. డాక్టరు అదే రాశాడు. వినింది రాయడం ఆయన పని, ఆయన్ని ఏమనగలం?

కొన్ని వారాలకు వాడికి కాస్త ధైర్యం వచ్చింది. ఫిర్యాదు చేద్దామన్నాడు. అప్పుడు మన చేతిలో ఉన్నదేమిటి? మెట్ల మీద జారిపడ్డాడన్న ఆసుపత్రి చీటీ. ఎప్పుడు లోపలికి వెళ్లాడో, ఎప్పుడు బయటికి వచ్చాడో ఒక్క కాగితం లేదు. కెమెరా రికార్డు అడిగితే, అప్పటిది ఇక లేదన్నారు. పద్దెనిమిది నెలల తీర్పు మన జేబులో ఉంది, పద్దెనిమిది వారాల రికార్డు కూడా వాళ్ల పెట్టెలో లేదు. దొంగ ఫోను తెచ్చినవాడు తర్వాత వేరే చోట దొరికాడు. మన కుర్రవాడు విజయవాడ వెళ్లిపోయాడు. పండగకు వస్తాడు, చీకటిపడితే బయటికి రాడు. షాపు ఓనరు ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు.

సంస్కరణలు ఎక్కడ తప్పాయి అంటే ఈ మొదటి రెండు రోజుల్లో తప్పాయి. హైకోర్టు, కమిషన్, అసెంబ్లీ, ఇవన్నీ తర్వాతి మాటలు. మొదటి నలభై ఎనిమిది గంటల్లో కాగితం పుట్టకపోతే తర్వాత ఎంత పెద్ద జడ్జి గారు వచ్చినా చూడటానికి ఏమీ ఉండదు. ఇది ముస్లింల బాధ ఒక్కటే అనుకోకండి. ముదిగొండలో పోయినవాళ్లు, మిర్చి రైతులు, మరియమ్మ, లగచర్ల గిరిజన రైతు, ఎవరి పేరు ఏమిటో చూడండి. ఏన్కూరు దాటి అడవి వైపు వెళ్తే కోయ పల్లెల్లో ఇదే కథ ఉంటుంది. అక్కడ తెలుగు చదవలేనివాడి చేత తెలుగు కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. పేదవాడు, తోడు లేనివాడు, మారుమాట్లాడితే అడిగేవాళ్లు లేనివాడు, లాఠీకి వీళ్ల చిరునామా తెలుసు.

కార్యవర్గంలో ఈ మాట వచ్చినప్పుడు ఇద్దరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వాళ్ల మాటనూ గౌరవంగానే చెబుతాం. ‘సార్, రేపు మీలాద్ ఊరేగింపుకు పర్మిషన్ కావాలన్నా, మస్జిద్ ముందు ట్రాఫిక్ చూడాలన్నా వాళ్ల దగ్గరికే పోవాలి. పోలీసులతో పెట్టుకుంటే ఎట్లా?’ అన్నారు. నిజమే, పోవాలి. అందుకే మేము చెప్పేది గొడవ పెట్టుకోమని కాదు, చట్టంలో ఉన్నదాన్ని మర్యాదగా అడగమని. నిజాయితీగా పనిచేసే ఎస్సైకి ఈ కాగితాలే రక్ష. రేపు ఎవరైనా అబద్ధపు ఆరోపణ చేస్తే కెమెరా రికార్డు ఆయన్నే కాపాడుతుంది. వైద్య పరీక్ష సరిగ్గా జరిగితే, దెబ్బ ముందే ఉందా తర్వాత తగిలిందా అన్నది తేలుతుంది. ఆ పెద్దల్లో ఒకరు ఒప్పుకున్నారు. ఇంకొకరు ఇంకా ఆలోచిస్తున్నారు, ఈ సభలోనే ఉన్నారు.

కాబట్టి మీ ఇళ్లలో గుర్తుంచుకోవాల్సినవి చెబుతాం. కుర్రవాళ్లు ఫోన్లు పక్కన పెట్టండి. స్టేషనుకు రమ్మంటే నోటీసు అడగవచ్చు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అవసరం లేనప్పుడు 35వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్లను, పదిహేనేళ్లలోపు పిల్లలను, అరవై దాటిన పెద్దలను స్టేషనుకు పిలవకూడదు, ఇంటికే రావాలి. ఆడవాళ్లను సూర్యాస్తమయం తర్వాత మామూలుగా అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. అరెస్టయితే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. మేజిస్ట్రేటు గారు ‘ఏమైనా కొట్టారా’ అని అడిగినప్పుడు చెప్పగలిగింది అక్కడే, ఆ ఒక్క నిమిషంలోనే. అరెస్టయినవాడికి వైద్య పరీక్ష చేయాలి, ఆ రిపోర్టు కాపీ అతనికి ఇవ్వాలి, ఇది 53వ సెక్షన్. నేరం ఒప్పించడానికి గాయపరచడం నేరమే. భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, తీవ్ర గాయమైతే పదేళ్ల దాకా. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. ఫోను 15100. ఈ అంకె రాసుకోండి. మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

తల్లులకు ప్రత్యేకంగా ఒక మాట. మీ పిల్లవాడు స్టేషను నుంచి ఇంటికొస్తే ముందు తిట్టకండి. చొక్కా విప్పి చూడండి. గాయం ఉంటే తారీఖు కనబడేలా ఫోటో తీయండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పమనండి, మెడికో లీగల్ కేసుగా రాయమనండి. ఆ ఎక్స్‌రే, ఆ పరీక్షల ఖర్చు ఇకనుంచి మన సంఘం ముందే భరిస్తుంది, రసీదు తర్వాత చూసుకుంటాం. కార్యవర్గం దీనికి ఒప్పుకుంది. ఏ కులం, ఏ మతం వాళ్లు వచ్చినా ఇదే వర్తిస్తుంది. మన పద్దుల పుస్తకంలో ఇకనుంచి ‘కింద పడి గాయం’ అని ఎవరూ రాయరు, జరిగిందే రాస్తారు.

ఇక మిగిలింది ఒక చిన్న పని. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు ముసాయిదా రాశాం. వైరా, కొణిజర్ల, తల్లాడ, ఏన్కూరు స్టేషన్లకు ఒకటే ప్రశ్నల వరుస. స్టేషనులో ఎన్ని కెమెరాలు ఉన్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, లాకప్పు, వరండా, వెనక గది కనబడుతున్నాయా, మాట రికార్డవుతోందా, రికార్డు ఎన్ని రోజులు నిలుస్తోంది, జిల్లా పర్యవేక్షణ కమిటీ చివరిసారి ఎప్పుడు చూసింది. ఆరే ప్రశ్నలు. ఎవరి పేరూ లేదు, ఎవరి మీదా ఆరోపణ లేదు. జవాబుకు ముప్పై రోజుల గడువు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు పెడితే రుసుము కూడా లేదు. ఏసీపీ గారికి ఒక కాపీ మేమే ముందుగా వెళ్లి ఇచ్చి, ఎందుకు అడుగుతున్నామో చెప్పి వస్తాం. స్టేషనుకు ఒకరి చొప్పున నలుగురు సంతకం పెట్టాలి. మా సంతకం ఒకదాని మీద ఇప్పటికే ఉంది. మిగతా మూడు భోజనాల దగ్గర, గేటు పక్కన బల్ల మీద ఉన్నాయి. పెన్ను కూడా అక్కడే ఉంది.